మూడో గిన్నె

వీరాంజనేయులు పై గిన్నె అంచును తడిగుడ్డతో తుడిచి మూత పెట్టాడు. కొక్కెం బిగించి, కారియర్‌ను ఒక పక్కకు వంచి చూశాడు. చుక్క కారలేదు. పాత దుప్పటి ముక్కలో దాన్ని చుట్టి పీట మీద పెట్టి, యజమాని ఏమైనా చెబుతారేమోనని నిలబడ్డాడు.

తెల్లవారి ఐదు దాటింది. బందరు రాజ్యలక్ష్మీ విలాస్ వంటింట్లో మొదటి వాయి ఇడ్లీ దిగింది. పాండురంగారావు గారు సాంబారు గంగాళం పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ఆయనకు డెబ్బై ఒకటో ఏడు. గంగాళంలో పప్పు, ఇంగువ, బెల్లం ఇప్పటికీ ఆయన చేతి మీదుగానే పడాలి.

ఇత్తడి కారియర్ అది. మూడు గిన్నెలు. ఏ గిన్నె ఏ ఊరిదో తెలియడానికి కంచరి వాటి మీద సుత్తితో చుక్కలు పొడిచాడు. ఒక చుక్క గిన్నె బందరుది. రెండు చుక్కలది గుడివాడది. మూడు చుక్కలది అవనిగడ్డది. రాజ్యలక్ష్మి పాండురంగారావు గారి తల్లి పేరు. ఆ పేరుతో మూడు ఊళ్ళలో మూడు హోటళ్ళున్నాయి. మూడింట్లోనూ సాంబారు ఒక్కటే కావాలని ఆయన పట్టు.

దానికాయన ఒక పద్ధతి పెట్టారు. పొద్దున్నే బందరు సాంబారు మొదటి గిన్నెలో పోస్తారు. వీరాంజనేయులు దాన్ని రైల్లో గుడివాడ తీసుకువెళ్తాడు. అక్కడి వంటమాస్టరు రుచి చూసి తన సాంబారు సరిచేసుకుని, దాన్ని రెండో గిన్నెలో పోస్తాడు. అక్కణ్ణుంచి బస్సులో అవనిగడ్డ. అక్కడి సాంబారు మూడో గిన్నెలోకి వస్తుంది. సాయంత్రం కారియర్ బందరు తిరిగి వచ్చాక పాండురంగారావు గారు మూడు గిన్నెలూ వరసగా పెట్టుకుని ఒక్కొక్క చెంచా నోట్లో వేసుకుంటారు. చల్లారిన సాంబారే చూస్తారు. వేడి మీద ఏ సాంబారైనా బాగానే ఉంటుందని ఆయన అంటారు.

ఈ పనికి వీరాంజనేయులు కుదిరి పదకొండేళ్ళయింది. కుదిరిన రోజున యజమాని ఒక్క షరతు పెట్టారు. దారిలో రుచి చెప్పాల్సిన మనిషి గనక నాలుక చెడకూడదు. బీడీ, కిళ్ళీ, పచ్చడి వద్దన్నారు. వీరాంజనేయులు మూడూ మానేశాడు. ఇంట్లో పొద్దున మజ్జిగన్నం, రాత్రి మజ్జిగన్నం. "ఊళ్ళవాళ్ళ సాంబారుకి పేర్లు పెట్టే మొగుడు దొరికాడు గానీ, నా ఆవకాయ తినే మొగుడు దొరకలేదు" అని భార్య లక్ష్మీకాంతం ఏటా జాడీకి వాసెన కట్టేటప్పుడు అంటుంది.

"నిన్న గుడివాడది చూశావా?" అన్నారు పాండురంగారావు గారు గంగాళంలోంచి కళ్ళెత్తకుండా.

"చూశానండి."

"ఓ రోజు పప్పెక్కువ. ఓ రోజు ఇంగువ తక్కువ. నిన్నయితే ఏం తక్కువో కూడా తెలీలేదు. అవనిగడ్డవాణ్ణి చూడు. ఉప్పెనొచ్చి ఊళ్ళకి ఊళ్ళు పోయినా వాడి సాంబారు వీసమెత్తు మారలేదు. రమణకి చెయ్యి పోయిందయ్యా. అందుకే గుడివాడలో జనం రావటం మానేశారు."

"ఇరవై ఏళ్ళ నుంచి చేస్తున్న మనిషండి."

"ఇరవై ఏళ్ళని చెప్పి జనం తాగుతారా? ఇవాళ్టి గిన్నె చూస్తాను. అదీ ఇలాగే ఉంటే శ్రావణంలో గుడివాడ మూసేస్తా. రమణని ఇంటికి పంపేస్తా." గరిటె అంచుకు తట్టి లేచారు. "ఈ మాట వాడికి చెప్పకు. భయపడి ఇంకా చెడగొడతాడు."

వీరాంజనేయులు కారియర్ ఎత్తుకుని స్టేషనుకు నడిచాడు.

రైల్లో కిటికీ పక్క సీటు మీద తువ్వాలు పరిచి ఉంది. తువ్వాలు గఫార్‌ది. అబ్దుల్ గఫార్ పెడనలో కలంకారీ గుడ్డలకు అచ్చులు కొడతాడు. ఇల్లు బందరులో. రోజూ ఇదే బండి.

"రండి, సాంబారు గారూ" అని తువ్వాలు తీశాడు గఫార్. "ఏంటి, మొహం అట్లా ఉంది? లోపల ఉప్పెక్కువైందా?"

"ఉప్పు బాగానే ఉంది."

"నాకు తెలీక అడుగుతానూ, మూడూళ్ళవాళ్ళూ ఒకటే సాంబారు ఎందుకు తాగాలండీ? మా దగ్గర ఒకటే అచ్చు. నేను కొడితే ఒకలా పడుద్ది, మా తమ్ముడు కొడితే ఒకలా పడుద్ది. వానాకాలం ఇంకోలా. మా సేఠు ఒక్కసారన్నా అడిగాడా?"

"మీ గుడ్డ ఎవరూ నోట్లో పెట్టుకోరుగా."

గఫార్ పెద్దగా నవ్వాడు. పెడనలో అతను దిగిపోయాక వీరాంజనేయులు కారియర్‌ను రెండు కాళ్ళ మధ్య పెట్టుకుని దాని వంకే చూస్తూ కూర్చున్నాడు.

యజమానికి తెలియని సంగతి ఒకటి అతనికి తెలుసు. మూడో గిన్నెలో అవనిగడ్డ సాంబారు లేక ఏడాదిన్నరయింది.

అవనిగడ్డ మాస్టరు గోవర్ధనరావు. ఉప్పెన రాత్రి అతను హోటల్లో ఉన్నాడు. భార్య, కూతురు నాగాయలంక అవతల పుట్టింటి ఊళ్ళో ఉన్నారు. ఇద్దరూ దొరకలేదు. నలభై రోజుల తర్వాత హోటలు తెరిచినప్పుడు అతనే పొయ్యి ముట్టించాడు. బావుల్లో నీళ్ళు ఉప్పదేరాయి. యజమాని కొలతల ప్రకారం చేసిన సాంబారు నోట పెట్టేట్టు లేదు. గోవర్ధనరావు ఉప్పు తీసేశాడు, చింతపండు పెంచాడు, ఎండుమిరపకాయలు పెంచాడు, బెల్లం మానేశాడు. అది పాండురంగారావు గారి సాంబారు కాదు. ఆ రోజు వీరాంజనేయులు దాన్ని రుచి చూసి గిన్నె వంక చూశాడు, గోవర్ధనరావు వంక చూశాడు. ఆ మనిషికి వెళ్ళడానికి ఇంకో చోటు లేదు. మొదటి గిన్నెలో మిగిలిన బందరు సాంబారు సగం తీసి మూడో గిన్నెలో పోశాడు.

ఒక్క రోజుకే అనుకున్నాడు.

ఆ సాయంత్రం పాండురంగారావు గారు మూడో గిన్నె రుచి చూసి, "భేష్, అచ్చం మనదే" అన్నారు. మర్నాడు వీరాంజనేయులు మళ్ళీ అలాగే చేశాడు. అప్పటి నుంచి యజమాని రోజూ సాయంత్రం తన సాంబారునే రెండు గిన్నెల్లో రుచి చూసి, ఒకదాన్ని అవనిగడ్డ సాంబారని మెచ్చుకుంటున్నారు. రమణది మాత్రం నిజంగా రమణ చేసిన సాంబారు. అది ఏ రోజూ అచ్చంగా ఒకేలా ఉండదు.

గుడివాడ రాజ్యలక్ష్మీ విలాస్ రైల్వే స్టేషనుకు ఎదురుగా ఉంది. ఒకప్పుడు బండి దిగిన జనం రోడ్డు దాటి నేరుగా హోటల్లోకి వచ్చేవాళ్ళు. ఇప్పుడు బందరు నుంచి బస్సులెక్కువ. అవి ఆగేచోట పరోటాలు వేసే హోటళ్ళు రెండు వచ్చాయి. రైసు మిల్లుల బ్రోకర్లు కాఫీ తాగుతూ ఇక్కడే బేరాలు మాట్లాడుకునేవాళ్ళు. మిల్లుల్లోకి టెలిఫోన్లు వచ్చాయి. హాల్లో పదహారు బల్లలుంటే ఆ పూట నాలుగింటి దగ్గర మనుషులున్నారు.

రమణ వంటింటి గుమ్మంలోనే ఎదురయ్యాడు. సన్నటి మనిషి, యాభై దాటాయి. చేతిలో చెంచా సిద్ధంగా ఉంది.

"నిన్న ఏమన్నారు బావా?"

"ఏమీ అనలేదు."

"ఏమీ అనకపోతే బాగోలేదనే." మొదటి గిన్నెలోంచి చెంచాడు తీసి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. తర్వాత తన గంగాళంలోంచి తీసుకున్నాడు. "తేడా ఉంది కదూ?"

వీరాంజనేయులు రుచి చూశాడు. తేడా ఉంది. బావగారి ఇంటికీ బావమరిది ఇంటికీ ఉండేంత, అంతే.

"కాలవలో కొత్తనీరొచ్చింది" అన్నాడు రమణ. "ఎర్రగా ఉంది. ఇండుపగింజ అరగదీసి పోసి రాత్రంతా తేర్చా. పప్పు మార్చా. కొట్టువాడితో పోట్లాడి ఇంగువ మార్చా. మొన్న డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చా."

"డాక్టరెందుకు?"

"నాలుక చూపించడానికి. చూసి, నీ నాలుక నాకన్నా బాగుంది పో అన్నాడు. మా ఆవిడ నవ్వింది, నాలుక చూపించడానికి డాక్టరు కావాలా, అది రోజూ నాకు చూపిస్తూనే ఉన్నావుగా అని." రమణ కూడా నవ్వబోయి ఆగిపోయాడు. "అవనిగడ్డ గోవర్ధనం ఉప్పునీళ్ళతో చేస్తున్నాడు. అయ్యగారు వాడిదే బాగుందంటారు. ఉప్పునీళ్ళతో వాడికి కుదిరింది, కాలవ నీళ్ళతో నాకు కుదరటల్లేదంటే నాలోనే ఏదో తేడా వచ్చింది బావా. ఏదో నాకు తెలీటల్లేదు."

వీరాంజనేయులు రెండో గిన్నె మూత తీసి పట్టుకున్నాడు. రమణ గరిటెతో పోశాడు. పోసి, గిన్నె అంచు మీద పడ్డ చుక్కను వేలితో తుడిచి, ఆ వేలు నోట్లో పెట్టుకుని, మరోసారి తల అడ్డంగా ఊపాడు.

"నీ చేతిలో తేడా లేదు" అన్నాడు వీరాంజనేయులు.

"నువ్వంటే ఏం లాభం? ఆయన అనాలి."

పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ వెళ్ళే బస్సు తొమ్మిదింబావుకు బయలుదేరింది. వీరాంజనేయులుకు డ్రైవరు వెనక సీటు. దారి పొడుగునా వరిమళ్ళు. ఆడవాళ్ళు వరసగా వంగి నాట్లు వేస్తున్నారు. అవి చూస్తూ అతను మనసులో రెండు మాటలు సిద్ధం చేసుకున్నాడు. ఒకటి గోవర్ధనరావుకు చెప్పాల్సింది, ఒకటి యజమానికి చెప్పాల్సింది. చల్లపల్లి దాటేసరికి రెండూ మర్చిపోయాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. పులిగడ్డ అక్విడక్టు మీద బస్సు నెమ్మదించింది. కింద కృష్ణ నీళ్ళు ఎర్రగా పోతున్నాయి. ఆ వంతెన మీద అతను ఎప్పుడూ కారియర్ ఒళ్ళోకి తీసుకుంటాడు. కుదుపు ఎక్కువ.

చెబితే గోవర్ధనరావు పని పోవచ్చు. చెప్పకపోతే రమణ పని పోతుంది. పని ఒక్కటే అయితే ఇంకో హోటల్లో దొరుకుతుంది. చెయ్యి పోయిందన్న పేరు వచ్చిన మాస్టరును ఏ హోటలూ తీసుకోదు.

అవనిగడ్డ హోటల్లో బల్లలన్నీ నిండి, కొందరు గోడవారన నిలబడి ఉన్నారు. ఉప్పెన తర్వాత ఏడాది పాటు ఇక్కడ కూర్చున్నది ఇంజనీర్లు, ఇళ్ళు కట్టించడానికి వచ్చిన సంఘాలవాళ్ళు, పేపర్లవాళ్ళు. వాళ్ళు ఏం పెట్టినా తిన్నారు. వాళ్ళు వెళ్ళిపోయారు. ఇప్పుడున్నది కూలీలు, నాగాయలంక వైపు నుంచి చేపల తట్టలతో వచ్చినవాళ్ళు. ఒక మనిషి ఇడ్లీ మొత్తం సాంబారులో ముంచేసి, "మాస్టారూ, ఇంకో గరిటె పొయ్యవయ్యా! ఇడ్లీకి ఈత రావద్దూ?" అని కేకేశాడు. ముక్కు తుడుచుకుంటూ తింటున్నాడు.

గోవర్ధనరావు మొదటి గిన్నె కోసం చెయ్యి చాపాడు. సగం మూడో దాంట్లోకి వంచడం అతనికీ అలవాటయింది.

"ఇవాళ వద్దు" అన్నాడు వీరాంజనేయులు. "మూడో గిన్నెలో నీదే పొయ్యి."

"నాదా?"

"నీదే. అమ్ముతున్నదే."

గోవర్ధనరావు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఏంటి బాబాయ్, నా కొంప ముంచుతావా?"

అన్నాక ఆ మాట ఇద్దరికీ వినిపించింది. గోవర్ధనరావు గరిటె కింద పెట్టాడు. బయట ఎవరో సాంబారు సాంబారు అని బల్ల మీద గ్లాసుతో కొడుతున్నారు.

వీరాంజనేయులు పొద్దున యజమాని అన్న మాటలు చెప్పాడు. రమణ డాక్టరు దగ్గరికి వెళ్ళిన సంగతి చెప్పాడు. గోవర్ధనరావు మళ్ళీ గరిటె అందుకున్నాడు.

"నాలుక చూపించుకున్నాడా?" అన్నాడు.

"చూపించుకున్నాడు."

గోవర్ధనరావు గంగాళం అడుగు దాకా కలిపాడు. పైది కాకుండా మధ్యలోది తీశాడు. మూడు చుక్కల గిన్నె నిండా పోశాడు. మూత తనే పెట్టాడు.

"ఈ చింతపండూ ఈ కారం నేను కనిపెట్టింది కాదు బాబాయ్" అన్నాడు. "మా ఆవిడ చేపల పులుసుకి అట్లా వేసేది. నాకు ఆ ఒక్క కొలతే గుర్తుంది."

మూడింటి బస్సుకు బయలుదేరి వీరాంజనేయులు ఐదున్నరకు బందరులో దిగాడు. వాన తుంపర పడుతోంది. కారియర్ మీద దుప్పటి ముక్క కప్పి నడిచాడు.

పాండురంగారావు గారు కౌంటరు వెనక గదిలో బల్ల ముందు కూర్చున్నారు. మంచినీళ్ళ గ్లాసు, మూడు చెంచాలు సిద్ధంగా ఉన్నాయి. వీరాంజనేయులు గిన్నెలు వరసగా పెట్టి మూతలు తీశాడు. ఆయన రుచి చూశాకే సంగతి చెబుదామనుకున్నాడు.

మొదటి గిన్నె. తల ఊపారు. నీళ్ళు పుక్కిలించారు.

రెండో గిన్నె. కొంచెం సేపు నోట్లో ఉంచుకున్నారు. "ఇవాళ పరవాలేదు" అన్నారు. "అయినా మనది కాదు."

మూడో గిన్నె. చెంచా నోట్లో పెట్టుకున్న మనిషి అలాగే ఉండిపోయారు. తర్వాత చెంచా తీసి గిన్నె చుట్టూ తిప్పి చుక్కలు చూశారు. మూడున్నాయి. ఇంకో చెంచా తాగారు. పదకొండేళ్ళలో ఆయన ఏ గిన్నెలోంచీ రెండో చెంచా తీసుకోవడం వీరాంజనేయులు చూడలేదు.

"ఒక ఇడ్లీ పట్రా" అన్నారు.

వీరాంజనేయులు వంటింట్లోంచి ఇడ్లీ తెచ్చాడు. ఆయన దాన్ని సాంబారులో తుంచుకుని మొత్తం తిన్నారు. నుదుటి మీద చెమట పట్టింది. కండువాతో తుడుచుకున్నారు.

"ఇది మన సాంబారు కాదు."

"కాదండి."

"బాగుంది." మంచినీళ్ళు తాగారు. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఏడాదిన్నరండి. ఉప్పెన తర్వాత హోటలు తెరిచిన దగ్గర్నుంచి."

"మరి ఏడాదిన్నరగా ఈ గిన్నెలో నేను తాగింది ఎవరి సాంబారయ్యా?"

"మీదేనండి."

పాండురంగారావు గారు మూడు గిన్నెల వంకా మార్చి మార్చి చూశారు. ముందు కోపం వచ్చింది. అది మెడ మీద నరంలో కనిపించింది. తర్వాత అది పోయింది.

"అంటే నా సాంబారు నేనే తాగి, నన్ను నేనే మెచ్చుకుని, రమణని తిట్టానన్నమాట."

వీరాంజనేయులు ఖాళీ అయిన ఇడ్లీ ప్లేటు పక్కకు జరిపాడు.

"అక్కడ జనం దీన్ని తాగుతున్నారా?"

"నిలబడి తాగుతున్నారండి."

"గుడివాడలో?"

"రమణ చేతిలో తప్పు లేదండి. మీదైనా తాగరు. జనమే అటు రావటల్లేదు. బస్సులు ఆగేచోటికి పోతున్నారు. మీరు పంపినదానికీ రమణదానికీ ఉన్న తేడా వీసమెత్తు. అయినా పొద్దున పదహారు బల్లల్లో నాలుగింటి దగ్గరే మనుషులున్నారు."

ఆయన కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నారు. వంటింట్లో గిన్నెలు తోముతున్న చప్పుడు వినిపిస్తోంది.

"గుడివాడ స్థలం మధ్యాహ్నమే ఒకతనికి వదిలేశా" అన్నారు చివరికి. "సైకిళ్ళ షాపు పెట్టుకుంటాడట. మాట ఇచ్చేశా. సాయంత్రం దాకా ఆగుతానన్నాను గానీ, ఆగలేదు. రమణని ఇక్కడికి రమ్మని ఉత్తరం రాస్తా. ఈ గంగాళం ఇంక నేను తిప్పలేను. వాడు తిప్పుతాడు." గ్లాసు పక్కకు జరిపారు. "డాక్టరు దగ్గరికి వెళ్ళాడని నిన్న ఎవరో చెప్పారు. నిజమేనా?"

"నిజమేనండి."

"వాడి చెయ్యి మంచిదేనని రాస్తా. మొదటి వాక్యం అదే రాస్తా."

"అవనిగడ్డండి?"

"అవనిగడ్డ గోవర్ధనానికే ఇచ్చేస్తా. బోర్డు మాత్రం మార్చుకోమను. అది మా అమ్మ చేసిన సాంబారు కాదు. అది అమ్ముడవుతోంది గనక దాన్ని ఆపను. మా అమ్మ పేరు పెట్టి అమ్మనివ్వను."

వీరాంజనేయులు తల ఊపాడు. మూడు హోటళ్ళలో ఒకటే మిగిలిందని అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. ఒక్క హోటలుకు సరిచూడటానికి రెండో గిన్నె అక్కర్లేదు.

పాండురంగారావు గారికీ అదే తోచినట్టుంది. "నువ్వు కౌంటర్లో కూర్చుంటావా?" అన్నారు.

"నాకు కూర్చునే పని చేతకాదండి."

"తెలుసు." ఆయన లేచి, బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. "రేపు రైలెక్కక్కర్లేదు ఆంజనేయులూ."

"సరేనండి."

వీరాంజనేయులు గిన్నెలు పెరట్లోకి తీసుకువెళ్ళి బూడిదతో తోమాడు. మొదటిది, రెండోది, మూడోది. మూడో దాన్ని రెండుసార్లు తోమాడు. కడిగి, కిటికీ గట్టు మీద వరసగా బోర్లించి, కొక్కెం పక్కన పెట్టాడు. దుప్పటి ముక్క పిండి తీగ మీద ఆరేశాడు. చెప్పులు వేసుకుని పెరటి దారినే వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున లక్ష్మీకాంతం మజ్జిగన్నం కలిపి పెట్టింది. అతను కంచం ముందు కూర్చుని, "ఆ జాడీ ఇలా పట్రా" అన్నాడు. ఆమె జాడీ తెచ్చింది. ముక్క కొరకగానే అతనికి కళ్ళ నీళ్ళు తిరిగాయి. "అలవాటు లేదుగా, మెల్లిగా తిను" అంది ఆమె.

అదే సమయానికి స్టేషన్లో గఫార్ కిటికీ పక్క సీటు మీద తువ్వాలు పరిచి కూర్చున్నాడు. ఎవరో జరగమంటే, మనిషి వస్తాడన్నాడు. బండి కదిలాక కూడా కాసేపు తువ్వాలు తీయలేదు.

రాజ్యలక్ష్మీ విలాస్ పెరట్లో కిటికీ గట్టు మీద మూడు గిన్నెలూ ఆరాయి. పాండురంగారావు గారు వచ్చి ఒక్కొక్కటే తీసి ఒకదాని మీద ఒకటి పేర్చారు. మూడు చుక్కల గిన్నె దగ్గర ఆగి, దాన్ని ముఖం దగ్గరికి తెచ్చుకున్నారు. రెండుసార్లు బూడిదతో తోమినా, గిన్నెలో ఇంకా చింతపండు వాసన ఉంది.